నాన్న బీరువా... అమ్మాయి లైబ్రరీ

ఆ శనివారం మధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ వచ్చిన మాస్టారు ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళిపోయారు.

డెబ్భై అయిదేళ్ళ మనిషి. ఆయన అడిగింది ఒక్కటే పుస్తకం... పింగళి సూరన 'కళాపూర్ణోదయం'. బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు కంప్యూటరు నుంచి తీసిన జాబితా చూశాడు. వరస నంబరు 63. బీరువాలో 63 అని చీటీ ఉన్న పుస్తకం తీశాడు. అది వేరేది. పైనా కిందా రెండు పుస్తకాలు తిప్పి చూశాడు. 'లేదు మాస్టారూ, ఎవరో తీసుకెళ్ళినట్టున్నారు' అన్నాడు.

పుస్తకం అక్కడే ఉంది. అదే బీరువాలో, అదే అరలో, ఆరు పుస్తకాల ఇవతల. దాని మీద చీటీ 57 అంటోంది!

కృష్ణా డెల్టాలో కాలువగట్టు పక్కన ఓ ఊరు. అక్కడ ఒక గది, మూడు బీరువాలు, దాతలిచ్చిన పుస్తకాలు, ఎవరో ఇచ్చేసిన పాత కంప్యూటరు. గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చూసుకుంటున్న చిన్న పుస్తకాల గది అది. అలాంటివే చుట్టుపక్కల మరో మూడు ఊళ్ళలో ఉన్నాయి. నాలుగింటికీ ఆయనే దిక్కు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న కూతురు, సెలవు రోజుల్లో కూర్చుని నాన్న కోసం మూడు చిన్న ప్రోగ్రాములు రాసింది. ఒకటి పుస్తకాల జాబితా తయారుచేస్తుంది. రెండోది పుస్తకాల మీద అంటించే చీటీలు అచ్చువేస్తుంది. మూడోది పేరు కొడితే పుస్తకం వెతికిపెడుతుంది.

జాబితా 63 అనడం, చీటీ 57 అనడం... ఆ తప్పు కుర్రాడిది కాదు. నాన్నది కాదు. ఆమెది. అదెలా జరిగిందో తెలుసుకోవాలంటే కంప్యూటరు వాళ్ళు కూడా 'లైబ్రరీ' అని పిలుచుకునే ఒక వస్తువు గురించి తెలుసుకోవాలి.

లోపలా ఒక లైబ్రరీ ఉంది!

ఏ ప్రోగ్రామూ అన్ని పనులూ తనే చేసుకోదు. ఫోనులో మనకు తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయంటే, 'స' కింద 'త'వత్తూ 'ర'వత్తూ పెట్టి 'స్త్ర' అని చూపించే పని ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు కూర్చుని చెయ్యలేదు. అప్పటికే ఎవరో రాసిపెట్టిన కోడును అడిగి చేయించుకున్నారు. ఇలా పదిమందికీ పనికొచ్చే పనులను ఒకసారి రాసి, ఒకచోట పెట్టిన కట్టనే లైబ్రరీ అంటారు. అక్షరాలను పేర్చే 'హార్ఫ్‌బజ్' అలాంటిదే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్... అన్నీ దాని సాయం తీసుకునేవే. దాని కోడు ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

నాన్న కోసం ఆ అమ్మాయీ ఒక చిన్న లైబ్రరీ రాసుకుంది. దానికి 'క్రమం' అని పేరు పెట్టింది. తెలుగు పేర్లను అక్షరమాల వరసలో పేర్చడమే దాని పని. మూడు ప్రోగ్రాములకూ అదే ఆధారం.

మొదటి జాబితా చూడగానే నాన్న కళ్ళజోడు సవరించుకుని, 'ఇదేంటమ్మా, కళాపూర్ణోదయం ముందొచ్చి కవిసేన మేనిఫెస్టో తర్వాతొచ్చింది?' అన్నారు. ఆయన బడిలో నేర్చుకున్న వరస య, ర, ల, వ, శ, ష, స, హ, ళ, క్ష, ఱ. అందులో 'ళ' ఎక్కడో చివర ఉంటుంది. కంప్యూటర్లన్నీ వాడే యూనికోడ్ వరసలో మాత్రం 'ళ'ను 'ల' పక్కనే, 'వ' కన్నా ముందు పెట్టారు. ఆయన నలభై ఏళ్ళుగా రిజిస్టర్లు రాసింది బడి వరసలో. ఆ ఊరి పాఠకులు వెతికేదీ ఆ వరసలోనే. కూతురు ఆ రాత్రే 'క్రమం'లో నాలుగు పంక్తులు మార్చి, జాబితా ప్రోగ్రామును మళ్ళీ తయారుచేసి పంపింది. 'కళాపూర్ణోదయం' కిందికి దిగింది. నాన్న సంతోషించారు.

చీటీల ప్రోగ్రాము మాత్రం పాత వరసలోనే ఉండిపోయింది.

ఎవరి పుస్తకం వాళ్ళింట్లో

ఎందుకు ఉండిపోయింది? లైబ్రరీని ప్రోగ్రాముకు అతికించే పద్ధతులు రెండున్నాయి. ఆమె మొదట ఎంచుకున్నది 'స్టాటిక్' పద్ధతి.

అదెలా ఉంటుందంటే... రాసిన ఒక్కో ఫైలునూ కంపైలర్ యంత్రానికి అర్థమయ్యే ముక్కగా మారుస్తుంది. ఆ ముక్కలన్నిటినీ 'ఏఆర్' అనే పనిముట్టుతో ఒక మూట కడతారు. ఆ మూట పేరు చివర 'డాట్ ఏ' ఉంటుంది. 'ఆర్కైవ్'లో మొదటి అక్షరం అన్నమాట. ప్రోగ్రాము తయారయ్యేటప్పుడు లింకర్ ఆ మూట విప్పి, కావలసిన ముక్కలకు నకలు తీసి ప్రోగ్రాము లోపలే కుట్టేస్తుంది. ఆ తర్వాత మూటతో పనిలేదు. ప్రోగ్రాము తన పుస్తకాలన్నీ తన సంచిలోనే వేసుకుని బయల్దేరుతుంది.

ఇందులో ఎంతో సుఖం ఉంది. నాలుగు ఊళ్ళలో నాలుగు రకాల పాత కంప్యూటర్లు. ఒక ఊరు కృష్ణ మధ్యలోని లంక. అక్కడ ఇంటర్నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. నాన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కి, ఒక్క ఫైలు అందులో పెట్టేసి వస్తే చాలు. పక్కన ఏదుందీ ఏది లేదూ అన్న బెంగ లేదు.

చిక్కల్లా తప్పు దిద్దాల్సి వచ్చినప్పుడే. మూడు ప్రోగ్రాములున్నాయి కాబట్టి 'క్రమం'కు మూడు నకళ్ళు. నాలుగు ఊళ్ళలో పెట్టారు కాబట్టి పన్నెండు. అసలు ప్రతిలో 'ళ'ను సరిచేస్తే ఆ పన్నెండూ వాటంతటవి సరికావు. ఇల్లిల్లూ తిరిగి ఎవరి పుస్తకంలో వాళ్ళకు అచ్చుతప్పు దిద్దిపెట్టాలి. ఆ అమ్మాయి ఒకటి దిద్దింది. రెండోది మర్చిపోయింది.

ఇలాంటి మరుపు కొత్తదేం కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఒక ప్రోగ్రామరు తన కోడులో తప్పు దిద్దుకుని, దిద్దిన ఫైలును మళ్ళీ కంపైల్ చెయ్యడం మర్చిపోయాడు. సరిగ్గా ఉన్న ప్రోగ్రాములో తప్పు కోసం ఉదయమంతా వెతికాడు. అది విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో 'మేక్' అనే పనిముట్టు తయారుచేశాడు. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో ఒక కాగితం మీద రాసిస్తే, మారినవేవో చూసుకుని వాటినీ, వాటి మీద ఆధారపడినవాటినీ అదే మళ్ళీ తయారుచేస్తుంది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఆమె కూడా వాడింది. కానీ చీటీల ప్రోగ్రాము పక్కన 'క్రమం' పేరు రాయలేదు. రాయని చుట్టరికం మేక్‌కు తెలియదు!

పెద్దపెద్దవాళ్ళూ ఈ చిక్కులో పడ్డారు. ఫైళ్ళను చిన్నవిగా కుదించే 'జెడ్‌లిబ్' అనే లైబ్రరీలో 2002లో ఒక లోపం బయటపడింది. దాన్ని ఉమ్మడిగా వాడుకుంటున్న ప్రోగ్రాములకు ఒక్క దిద్దుబాటుతో సరిపోయింది. నకలు తీసుకుని లోపల కుట్టేసుకున్నవి మాత్రం ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో వెతుక్కుని ఒక్కొక్కటే మార్చాల్సి వచ్చింది.

పడవ మీద పుస్తకాలు

శనివారం సాయంత్రం నాన్న ఫోను చేసి జరిగింది చెప్పారు. కోప్పడలేదు. 'కళాపూర్ణోదయం' తనే తీసుకెళ్ళి మాస్టారింట్లో ఇచ్చి వచ్చానన్నారు. 'వెతికినా దొరకని పుస్తకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనమ్మా' అని మాత్రం అన్నారు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఎందుకంటే నాన్నకు గ్రంథాలయం అంటే ఉద్యోగం మాత్రమే కాదు. ఆయన పెరిగింది ఆ గాలిలో. తెలుగునాట గ్రంథాలయోద్యమం ఊపందుకున్నది బెజవాడలోనే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఇక్కడే పుట్టింది. దాని వెనకున్న అయ్యంకి వెంకటరమణయ్య ఆ మరుసటేడు 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక మొదలుపెట్టారు. 1979లో కన్నుమూసేదాకా ఆయనకు అదే లోకం. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఇక పాతూరి నాగభూషణం సంగతి... 1935లో ఆయన ఏకంగా పడవలోనే గ్రంథాలయం పెట్టించారు. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాల పడవ తిరిగేది. చదవాలనున్నా కొనలేని రైతుకు, ఊరు దాటి రాలేని మనిషికి గట్టు దగ్గరికే పుస్తకం వచ్చేది.

ఒక్కొక్కరూ ఒక్కో ప్రతి కొనుక్కోనక్కర్లేదు, ఒక్క ప్రతిని ఊరంతా చదవొచ్చు... ఆ ఉద్యమం మొత్తానికీ మూలం ఇదే కదా! లైబ్రరీని ప్రోగ్రాముకు అతికించే రెండో పద్ధతికి మూలం కూడా ఇదే. దాన్ని 'షేర్డ్ లైబ్రరీ' అంటారు. ఉమ్మడి లైబ్రరీ.

ఇందులో నకళ్ళుండవు. ప్రోగ్రాము లోపల 'నాకు క్రమం కావాలి' అన్న చీటీ మాత్రం ఉంటుంది. ప్రోగ్రామును తెరిచినప్పుడు కంప్యూటరులోని డైనమిక్ లింకర్ ఆ చీటీ చదివి, ఉమ్మడిగా ఉన్న ఒక్క ప్రతిని తెచ్చి ముందు పెడుతుంది. ఆ ఫైలు పేరు చివర 'డాట్ ఎస్ఓ' ఉంటుంది. పది ప్రోగ్రాములు ఒకేసారి అడిగినా మెమరీలో ఆ కోడు ఒక్కసారే ఉంటుంది. అందుకే దాన్ని మెమరీలో ఏ చోట దించినా పనిచేసేలా కంపైల్ చెయ్యాలి. ఈ అరలోనే ఉంటానని భీష్మించుకు కూర్చునే పుస్తకం పడవెక్కలేదు కదా!

ఒకప్పుడు ఇలాంటి లైబ్రరీ తయారుచెయ్యడం పెద్ద తంతు. ఒక్కో కంపెనీ యూనిక్స్‌లో ఒక్కో పద్ధతి. ఈ బాధ తీర్చడానికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనివాళ్ళు పూనుకున్నారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నీడలో 'ఆటోకాన్ఫ్' 1991లో పుట్టింది. ఈ కంప్యూటరులో ఏముంది, ఏం లేదు అని ముందే తడిమి చూసేది అది. ఆ తర్వాత కొన్నేళ్ళకు 'లిబ్‌టూల్' వచ్చింది. స్టాటిక్ కావాలన్నా షేర్డ్ కావాలన్నా ఏ యంత్రం మీదైనా ఒకే మాటతో చేసిపెడుతుంది. 2000లో 'సీమేక్', 2013లో 'మీసాన్' వచ్చాయి. వీటన్నిటినీ ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. సత్యనారాయణపురంలో ఒక అమ్మాయి రాత్రి పదింటికి వంటింటి బల్ల మీద కూర్చుని లైబ్రరీ కట్టగలిగిందంటే, ఎక్కడెక్కడివాళ్ళో దశాబ్దాలుగా రాసిపెట్టిన పనిముట్లే కారణం.

ఆమె 'క్రమం'ను షేర్డ్ లైబ్రరీగా మార్చింది. ఇప్పుడు ఒక్కో కంప్యూటరులో ఒక్కటే ప్రతి. ఒక్కచోట దిద్దితే మూడు ప్రోగ్రాములూ దిద్దుకుంటాయి. చీటీ, జాబితా ఒకే మాట చెబుతాయి.

పాత నంబరు కొట్టెయ్యొద్దమ్మా!

రెండు నెలలు బాగానే గడిచాయి. ఈలోగా మరో ఫిర్యాదు వచ్చింది. 'షేక్‌స్పియర్' అని వెతికితే కొన్ని పుస్తకాలే కనిపిస్తున్నాయి. చూస్తే ఒకరు క, స విడిగా కనిపించేలా కొట్టారు, మరొకరు కలిపి కొట్టారు. విడగొట్టడానికి మధ్యలో వాడేది కంటికి కనిపించని ఒక గుర్తు. మనిషికి రెండూ ఒకటే. యంత్రానికి వేర్వేరు.

ఆ గుర్తును పట్టించుకోవాలా వద్దా అని చెప్పే వీలు కల్పిస్తూ ఆమె 'క్రమం'ను సవరించింది. ఇదివరకు రెండు విషయాలు అడిగే పని ఇప్పుడు మూడు అడుగుతుంది. వెతికే ప్రోగ్రామును దానికి తగ్గట్టు మార్చింది. కొత్త లైబ్రరీ, కొత్త వెతుకులాట ప్రోగ్రాము నాన్న పెన్‌డ్రైవ్‌లో పెట్టింది. మిగతా రెండింటినీ ముట్టుకోలేదు. ఉమ్మడి లైబ్రరీయే కదా, ముట్టుకోవలసిన పనేముంది అనుకుంది.

మర్నాడు చీటీల ప్రోగ్రాము తెరవగానే మూసుకుపోయింది. జాబితా ఒక ఊళ్ళో పిచ్చి వరసలో వచ్చింది, మరో ఊళ్ళో అసలు రాలేదు. అవి పాత అలవాటు ప్రకారం రెండే చెబుతున్నాయి. లైబ్రరీ మూడోదాని కోసం చూసి, అక్కడ దొరికిన చెత్తను తీసుకుంటోంది. ఉమ్మడి వస్తువులో దిద్దుబాటు ఎంత త్వరగా అందరికీ అందుతుందో, పొరపాటు కూడా అంతే త్వరగా అందుతుంది.

ఆదివారం ఆమె బస్సెక్కి ఊరెళ్ళింది. నాన్న విషయమంతా విన్నారు. లేచి వెళ్ళి బీరువా పైనుంచి బైండు చేయించిన పాత రిజిస్టరు ఒకటి దించారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఉత్సాహం కొద్దీ పుస్తకాలన్నిటికీ కొత్త నంబర్లు వేశారట. పాతవి తెల్ల కాగితం అంటించి కప్పేశారట. చదువరుల దగ్గరున్న చీటీల మీదేమో పాత నంబర్లు. నెల రోజులు ఎవరి పుస్తకం ఏదో తెలియలేదు. చివరికి కాగితాలన్నీ తడిపి ఊడదీశారు. 'పాత నంబరు కొట్టెయ్యొద్దమ్మా. పక్కన కొత్తది రాయి. పాతది పట్టుకుని వచ్చినవాడికీ పుస్తకం దొరకాలి' అన్నారు.

విచిత్రమేమిటంటే... లిబ్‌టూల్ చెప్పే పాఠం అచ్చంగా ఇదే. ప్రతి ఉమ్మడి లైబ్రరీకి పేరు చివర ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఒక మాట ఇచ్చినట్టు. 'ఈ నంబరు మారనంతవరకు, మీరు ఇదివరకు అడిగినట్టే అడగండి, అలాగే జవాబిస్తాను' అని. లోపలి తప్పులు ఎన్నయినా దిద్దుకోవచ్చు. కొత్త పనులు ఎన్నయినా చేర్చుకోవచ్చు. పాత పనిని అడిగే తీరు మార్చినా, తీసేసినా అంకె మార్చాలి. అప్పుడు పాత ప్రోగ్రాములు పాత అంకె ఉన్న ప్రతిని, కొత్తవి కొత్త ప్రతిని వెతుక్కుంటాయి. రెండూ పక్కపక్కనే ఉండొచ్చు.

ఆమె పాత పనిని ఎప్పటిలాగే ఉంచేసి, మూడు విషయాలు అడిగేదాన్ని వేరే పేరుతో పక్కన చేర్చింది. మూడు ప్రోగ్రాములూ లేచి కూర్చున్నాయి.

'జ్ఞా' చేసిన అల్లరి

ఉమ్మడిదానిలో ఒక్క లోపం ఎంత దూరం పోతుందో మన తెలుగు అక్షరమే ఒకసారి ప్రపంచానికి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఉన్నట్టుండి మొరాయించాయి. కారణం... 'విజ్ఞానం'లోని 'జ్ఞా'! ఆ కనిపించని గుర్తు ఒకటి మధ్యలో చేరిన 'జ్ఞా' సందేశంగా వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఒక్క యాప్ కాదు, మెసేజీలు, వాట్సాప్... చాలా వాటిది అదే కథ. ఎందుకంటే అక్షరాలను తెర మీద పేర్చే పని అవన్నీ సొంతంగా చేసుకోవు. ఫోనులోని ఒకే ఉమ్మడి లైబ్రరీని అడుగుతాయి. అక్కడ తడబడితే అందరూ తడబడినట్టే.

ఆ నెల 19న యాపిల్ కంపెనీ 11.2.6 పేరుతో దిద్దుబాటు విడుదల చేసింది. దిద్దింది ఒక్కచోట. లేచి నిలబడ్డవి అన్ని యాప్‌లూ. ఒక్కో యాప్‌లో ఒక్కో నకలు ఉండి ఉంటే, తెలుగువాళ్ళు ఎన్నాళ్ళు 'జ్ఞా' పంపుకోకుండా గడపాల్సి వచ్చేదో!

కాపలాదారు ఒంటరైతే...

అయితే ఉమ్మడి వస్తువుకు అసలు గండం ఇవేవీ కావు. 2024 మార్చి 29న బయటపడిన సంగతి చూడండి.

'ఎక్స్‌జెడ్' అని ఫైళ్ళను కుదించే పనిముట్ల కట్ట ఒకటుంది. అందులోని లైబ్రరీ పేరు 'లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ'. లైనక్స్ కంప్యూటర్లలో ఎన్నో ప్రోగ్రాములు దాని మీద ఆధారపడతాయి. ఏళ్ళ తరబడి దాన్ని చూసుకున్నది లాసీ కాలిన్ అనే ఒక్క మనిషి. జీతం లేదు. సొంత ఇష్టంతో చేస్తున్న పని. 'పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకెవరికైనా అప్పగించండి' అని కొన్ని పేర్లతో ఉత్తరాలు మొదలయ్యాయి. అదే సమయంలో 'జియా టాన్' అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చారు. రెండేళ్ళకు పైగా మంచిగా పనిచేసి నమ్మకం సంపాదించారు. తాళాలు చేతికొచ్చాక 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగ దారి పెట్టారు.

పెట్టిన చోటు గమ్మత్తయినది. అందరూ చదివే అసలు కోడులో దాన్ని మేల్కొలిపే మాట లేదు. లైబ్రరీని కట్టేటప్పుడు నడిచే స్క్రిప్టులో ఉంది. అదీ విడుదల మూటలో మాత్రమే. వంట సరుకులన్నీ మంచివే, పొయ్యి దగ్గర కలిపేశారన్నమాట. ఆ స్క్రిప్టు నడిస్తే తయారైన ఉమ్మడి లైబ్రరీ, కొన్ని రకాల లైనక్స్‌లలో, దూరం నుంచి కంప్యూటరులోకి ప్రవేశించే తలుపునే పట్టుకుంటుంది.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఆ తలుపు తీసుకోవడానికి ఎప్పటికన్నా అర సెకను దాకా ఎక్కువ పడుతోందేమిటా అని ఆరా తీశాడు. తీగ లాగితే డొంక కదిలింది. ఎక్కువ కంప్యూటర్లకు చేరకముందే దొరికిపోయింది.

ఆ రాత్రి ఈ కథ విన్న నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే. 'ఆ ఒక్కడికీ తోడుగా ఇంకో ఇద్దరు ముందే ఉండి ఉంటే?'

చార్జి అప్పగింత

ఆ ప్రశ్న ఎక్స్‌జెడ్ గురించేనా అన్న అనుమానం ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. నాలుగు ఊళ్ళ బీరువాల తాళాలు ఒక్క నాన్న జేబులోనే ఉన్నాయి. ఏ పుస్తకం ఎవరిచ్చారో, ఏది ఎవరింట్లో ఆగిపోయిందో ఆయనకే తెలుసు. ఇక 'క్రమం' ఎలా కట్టాలో తెలిసింది ఆమెకొక్కదానికే. రేపు ఇద్దరిలో ఎవరికి వీలు కాకపోయినా...?

మర్నాడే పని మొదలుపెట్టారు. వెనకటికి గ్రంథాలయంలో బదిలీ అయితే 'చార్జి అప్పగించడం' ఉండేది. వచ్చినవారు, వెళ్ళేవారు ఎదురెదురుగా కూర్చుని ఒక్కో పుస్తకం చూసుకుని సంతకాలు పెట్టేవారు. నాన్న అదే పద్ధతి పట్టారు. బల్ల దగ్గర కూర్చునే కుర్రాడిని, పక్క ఊళ్ళో డిగ్రీ చదువుతున్న అమ్మాయిని పిలిచారు. మూడు ఆదివారాలు పట్టింది.

కూతురు కూడా తన రిజిస్టరు రాసింది. ఏ ఫైలు ఏం చేస్తుంది, అంకె ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మార్చకూడదు, ఎవరు ఏ మార్పు చేసినా ఇంకొకరు చదివి సరే అన్నాకే కలపాలి... ఇలా నాలుగు పేజీలు, అచ్చ తెలుగులో. లంక ఊరి కంప్యూటరుకు మాత్రం స్టాటిక్ ప్రోగ్రాములే ఇచ్చింది. అక్కడ ఏదైనా లేకపోతే తెచ్చిపెట్టేవారు లేరు. అయితే ఇచ్చిన ప్రతి నకలునూ పేజీ చివర తేదీతో సహా రాసింది. తప్పు దిద్దిన రోజున ఎవరింటికి వెళ్ళాలో తెలియాలి కదా.

ఆఖరి ఆదివారం ఆమె కీబోర్డు కుర్రాడి ముందుకు జరిపింది. 'నేను ముట్టుకోను. కాగితం చూసి నువ్వే కట్టు' అంది.

'కాన్ఫిగర్' అని కొట్టాడు. తెర మీద వరసలు పరిగెత్తాయి. 'మేక్' అన్నాడు. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. ఫలానా పనిముట్టు లేదంది. కుర్రాడు ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది. వాడు రెండో పేజీ తిప్పి, అక్కడ రాసింది చదివి, ఆ పనిముట్టు తెచ్చిపెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. కాసేపటికి 'డాట్ ఎస్ఓ' తయారైంది. పరీక్ష నడిపాడు. జాబితా అచ్చయింది. కవిసేన మేనిఫెస్టో ముందు, కళాపూర్ణోదయం తర్వాత. వరస నంబరు 63. బీరువా తెరిచి చూశాడు. చీటీ మీద కూడా 63.

కొన్ని నెలల కిందట 'లేదు మాస్టారూ' అన్న కుర్రాడు ఇతనేనా అనిపించేలా, పుస్తకం తీసి దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టాడు.

నాన్న రిజిస్టరు ముందుకు తోశారు. 'అప్పగించినవారు' అన్నచోట తండ్రీ కూతుళ్ళ సంతకాలు అప్పటికే ఉన్నాయి. 'తీసుకున్నవారు' అన్నచోట కుర్రాడు, ఆ డిగ్రీ అమ్మాయి సంతకాలు చేశారు. రెండో తాళంచెవి ఆ సాయంత్రమే చేయించారు.